ఒకే దారి ఉన్న ఓడ

జూన్ 4, గురువారం

పదిహేడేళ్ళు ఎదురుచూస్తే వీళ్ళు నా మొహాన కొట్టింది ఇదా!

నీలగువ్వ సీరియల్ మళ్ళీ వస్తోందని తెలిసిన దగ్గర్నుంచి ఇంట్లో ఈయనని కుదురుగా కూర్చోనివ్వలేదు. ఇవాళ సాయంత్రం ఆరింటికి మొదటి భాగం. చెప్పులు కూడా విప్పకుండా టీవీ ముందు కూలబడ్డాను. ఆరూ అయిదుకి అంతరిక్షంలో ఓడ కనిపించింది. ఆరూ ఆరుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

పాత నీలగువ్వ అంటే ఓడ. పొట్టిగా, లావుగా, పక్కలు ఉబ్బి, బియ్యం డబ్బాకి ఎవరో ఇంజన్లు తగిలించినట్టు ఉండేది. నవ్వేవాళ్ళు నవ్వేవారు. కానీ ఆ డబ్బాలో ప్రతి అంతస్తుకీ రెండు దార్లు. మధ్యలో లిఫ్టు, వెనక ఎర్ర నిచ్చెన. ఇంజన్ గదికి నిప్పంటుకున్న భాగంలో కెప్టెన్ పదకొండుమందిని ఆ నిచ్చెన మీదే బయటికి తెచ్చింది. ఈ ఓడ గీసినవాళ్ళెవరో తప్పకుండా మా అగ్నిమాపక శాఖలో పనిచేసిన మనిషే అయుండాలని ఆ రోజు అనుకున్నాను. అప్పటికి నేను శాఖలో భవనాల తనిఖీకి చేరి ఎనిమిదేళ్ళు.

కొత్తది సన్నగా, తళతళలాడుతూ, కూరలు తరిగే కత్తిలా ఉంది. ముక్కునుంచి తోకదాకా ఒకటే అద్దాల నడవ. దాని పేరు వెన్నెముకట! ప్రతి గది తలుపూ ఆ నడవలోకే. ఇంకో దారి లేదు. లోపల నాలుగొందలమంది. నడవలో పొగ నిండితే వీళ్ళంతా ఎటు పోవాలి? గీసినవాడికి ఒక్క క్షణమైనా ఆ ఆలోచన రాలేదా? వాడికి కళ్ళున్నాయా, లేక అలంకారానికి పెట్టుకున్నాడా?

ఆఫీసు పని: మార్కెట్టు వెనక కొత్త భవనం తనిఖీ. కింది అంతస్తు, మొదటిది, రెండోది చూశాను. మూడో అంతస్తులో కుట్టు వర్క్‌షాపు ఉందట, నలభైమంది దాకా ఆడవాళ్ళు పనిచేస్తారట. అప్పటికే అయిదు. ఐదుంపావు బస్సు తప్పితే మళ్ళీ ఆరున్నరకే. ప్లానులో మూడో అంతస్తుకి రెండు మెట్లదార్లు స్పష్టంగా ఉన్నాయి. ప్లాను చూసి సంతకం పెట్టాను. బస్సు దొరికింది.

జూన్ 5, శుక్రవారం

మా నీలగువ్వ మిత్రమండలి గ్రూపులో పొద్దున్నకి రెండొందల మెసేజీలు. చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది.

"ఎంత నాజూకుగా ఉందో!" అని ఒకరు. నాజూకుట! పెళ్ళిచూపులకి వచ్చిందా ఇది? శూన్యంలో గాలే ఉండదు కదా, ఈ రెక్కలెందుకని ఒకాయన న్యాయంగా అడిగాడు. "ఎగరడానికి" అని జవాబు, దానికి ముప్ఫైమంది మెచ్చుకోలు. ప్రాణరక్షణ పడవలు ఎక్కడున్నాయని నేనడిగితే, "ఇంత గొప్ప ఓడకి ప్రమాదం ఎందుకొస్తుందండీ" అన్నాడొక మహానుభావుడు. మరుగుదొడ్డి ఏదని అడిగాను. పాత ఓడలో మాత్రం చూపించారా అని ఎదురుప్రశ్న. చూపించారు బాబూ. రెండో అంతస్తు, ఎడమవైపు మూడో తలుపు. సీరియల్ చూసి ఆ ఓడ మొత్తానికీ మండలి కోసం ప్లాను గీసింది నేను, నాకు తెలియదా?

పదకొండు అభ్యంతరాలు రాసి పెట్టాను. మొదటిదీ, చివరిదీ ఒకటే దారి గురించి.

ఈయన బళ్ళో లెక్కలు చెబుతారు. ప్రతిదీ తాపీగా అడగడం అలవాటు. "అది అట్టముక్కలతో చేసిన బొమ్మే కదా?" అన్నారు.

"అట్టముక్కలైతే మాత్రం? లోపల మనుషులు లేరా?"

"ఉన్నారా?" అని మళ్ళీ పేపర్లో తలదూర్చారు. ఈయనతో మాట్లాడటం నాదే బుద్ధితక్కువ.

జూన్ 7, ఆదివారం

లైబ్రరీ మేడమీద గదిలో మండలి సమావేశం. కార్యదర్శి లైబ్రేరియన్‌గారే. ఎవరినీ నొప్పించని మనిషి, అందుకే ఎవరికీ అక్కరకు రారు. ఆగస్టులో ప్రదర్శన పెడతారట. కొత్త ఓడని నిలువునా కోసినట్టు, లోపలి గదులన్నీ కనబడేలా పెద్ద నమూనా చెయ్యాలి. ప్లాను ఎప్పట్లాగే నా వంతు. నేను శాఖలో ఏం చేస్తానో ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే ప్రతివాళ్ళూ తమ అద్దె వాటా గురించి మొదలుపెడతారు. ప్లాన్లు చూసే ఉద్యోగమని చెప్పాను, అంతవరకూ నిజమే.

కొత్త ఓడని వెనకేసుకొచ్చేవాళ్ళకి నాయకురాలు టైలరమ్మాయి. ముప్ఫై కూడా దాటలేదు. ఓడ సిబ్బంది యూనిఫారాలు అచ్చు దించినట్టు కుడుతుంది, ఆ సంగతి ఒప్పుకోవాలి. బుద్ధి మాత్రం లేదు.

"మేడమ్, ఆ నడవలో కెప్టెన్ నడిచొస్తుంటే రెండుపక్కలా నక్షత్రాలు! నాకు ఏడుపొచ్చేసింది" అంది.

"నాకూ వచ్చింది. నాది వేరే ఏడుపు."

"రోజంతా గోడకేసి చూస్తూ మిషన్ తొక్కేవాళ్ళకి తెలుస్తుంది మేడమ్, కిటికీ విలువేంటో. పాత ఓడలో ఒక్క కిటికీ లేదు. డబ్బాలో పడేసినట్టు ఉండేది."

"ప్రాణాలు దక్కితే డబ్బాలో ఉంటే ఏం?"

"అందంగా ఉంటే ఉండాలనిపిస్తుంది మేడమ్. ఉండాలనిపించని చోట ప్రాణాలు దక్కి ఏం చేసుకుంటారు?"

నోటికి హద్దూ అదుపూ లేదు. నమూనాలో వెనకవైపు ఎర్ర నిచ్చెన గీస్తానని పట్టుబట్టాను. సీరియల్లో లేనిది మనం చేరిస్తే అబద్ధమవుతుందని టైలరమ్మాయి అడ్డం పడింది. చేతులెత్తమన్నారు. నా పక్షాన రెండు చేతులు లేచాయి. ఒకటి నాది. రెండోది లైబ్రేరియన్‌గారిది, అదీ పాపం చెవి గోక్కోడానికి ఎత్తారేమో.

జూన్ 9, మంగళవారం

మార్కెట్టు వెనక భవనం ఫైలు మళ్ళీ తీసి చూశాను. మూడో అంతస్తు, రెండు మెట్లదార్లు. స్పష్టంగా ఉన్నాయి.

జూన్ 11, గురువారం

రెండో భాగం. ఇంజన్ గదిలో పాతికమంది, తలుపు ఒకటి. తలుపుకి అడ్డంగా పూలకుండీ! మొక్క ఎండిపోకుండా దానికి ప్రత్యేకంగా దీపం కూడా పెట్టారు. మనుషులకి మాత్రం బయటపడే దారి లేదు.

గ్రూపులో పూలకుండీ చాలా బాగుందన్నారు. గుంపుగా వచ్చి మెచ్చుకున్నారు. ఫోను విసిరేశాను. సోఫా మీదికే విసిరాను.

జూన్ 14, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మండలిలో పూలకుండీ దగ్గర మొదలైంది. నేను గట్టిగానే అరిచాను. ఇలాంటి ఓడకి బయల్దేరడానికి అనుమతి ఇచ్చినవాణ్ణి ముందు ఊచలు లెక్కపెట్టించాలన్నాను. టైలరమ్మాయి యూనిఫారానికి గుండీ కుడుతోంది. తల ఎత్తకుండానే అంది:

"ఒకటే దారి ఒకటే దారి అని అంత కొట్టుకుపోతారేంటి మేడమ్? మనుషులు ఉన్నదాంట్లో సర్దుకుంటారు. మా వర్క్‌షాపులో మటుకు ఎన్ని దార్లున్నాయి? వెనక మెట్లకి తలుపుండేది. దానికి గోడ కట్టేసి, అవతల బట్టల తాన్లు పెట్టుకున్నారు. నలభై ఇద్దరం ఆ ముందు మెట్లమీదే ఎక్కి దిగుతున్నాం. చచ్చిపోయామా?"

"అలా ఎలా ఒప్పుకున్నారమ్మా అధికారులు?" అన్నారు లైబ్రేరియన్‌గారు.

"మొన్నీమధ్యే ఎవరో ఆఫీసరుగారొచ్చి సంతకం పెట్టి వెళ్ళారండీ. సర్టిఫికెట్టుకి అద్దం కట్టించి మా ఓనరు ఆఫీసుగదిలో తగిలించుకున్నాడు. సంతకం పడ్డాక ఇంకేముంది? సర్దుకోవడమే."

"ఎక్కడ మీ వర్క్‌షాపు?" అని పక్కాయన అడిగాడు. నేను అడగలేదు.

"మార్కెట్టు వెనకండీ. కొత్త బిల్డింగు, మూడో అంతస్తు."

జూన్ 15, సోమవారం

తలనొప్పి. సెలవు పెట్టాను.

జూన్ 16, మంగళవారం

మోసం చేసింది ఆ యజమాని. నాకు ఒక ప్లాను చూపించి, పైన ఇంకోటి కట్టుకున్నాడు. ఎంత గుండెధైర్యం! నేను సంతకం పెట్టింది ప్లాను చూసి. ప్లానులో రెండు దార్లున్నాయి. ప్లాను తప్పుకాదు, భవనం తప్పు. ఇరవై అయిదేళ్ళ సర్వీసులో నా మీద ఒక్క మాట రాలేదు. ఎవడో దొంగ ప్లాను ఇస్తే దానికి నేనెలా జవాబుదారీ?

పైగా ఆ అమ్మాయి చెప్పింది నిజమని ఏముంది? కొత్త ఓడ బాగుందనే మనిషి. దాని మాట పట్టుకుని నేను గంతులెయ్యాలా? గోడ అంటే అడ్డంగా పెట్టిన చెక్క అయుండొచ్చు. తాన్లు రెండో మూడో ఉండొచ్చు.

వచ్చే నెల ఎలాగూ అటువైపు తనిఖీలున్నాయి. అప్పుడు చూడొచ్చు.

జూన్ 18, గురువారం

మూడో భాగం. ఇవాళ నడవలో మంటలు! కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇప్పుడు తెలుస్తుంది వీళ్ళకి, ఇప్పుడు తెలుస్తుంది అనుకున్నాను. గదుల్లోంచి జనం నడవలోకి పరిగెత్తారు, నేను చెప్పినట్టే. పొగ కమ్మింది. అప్పుడు కెప్టెన్ ఒక మీట నొక్కింది. పొగ మాయం! అందరూ జుట్టయినా చెదరకుండా చప్పట్లు కొట్టారు.

సిగ్గులేదూ! పొగంటే ఏమిటనుకున్నారు? పొగలో మూడు నిమిషాలు చాలు. నేను చూశాను. మెట్లదాకా వచ్చి, మెట్లు కనబడక, గోడ తడుముకుంటూ ఆగిపోయినవాళ్ళని చూశాను. తలుపు ఉండాల్సిన చోటే తడుముతారు. అలవాటు కొద్దీ అక్కడికే వస్తారు.

సీరియల్ తీసినవాళ్ళకి మూడు పేజీల ఉత్తరం రాశాను. బాధ్యత అన్న మాట తొమ్మిదిసార్లు వచ్చింది.

జూన్ 19, శుక్రవారం

ఉత్తరం ఈయనకి చదివి వినిపించాను. చివరిదాకా విన్నారు. తర్వాత అడిగారు:

"పది రోజులనుంచీ ఆ మార్కెట్టు ఫైలు సంచిలో వేసుకు తిరుగుతున్నావేం?"

"ఆఫీసు పని. మీకెందుకు?"

"నాకెందుకా? లెక్క తేలక. అయిదింటికి రెండో అంతస్తులో ఉన్నానని నువ్వే చెప్పావు. ఐదుంపావు బస్సు ఎక్కానని కూడా నువ్వే చెప్పావు. మూడో అంతస్తు ఎప్పుడు చూశావు?"

నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంట్లో ప్రశాంతత లేదన్నాను, ఈ మనిషితో వేగలేనన్నాను, లెక్కల మాస్టారిని చేసుకున్నందుకు నన్ను నేనే తన్నుకోవాలన్నాను. అన్నీ విని, "చూడలేదన్నమాట" అన్నారు.

జూన్ 22, సోమవారం

వెళ్ళాను.

మూడో అంతస్తుకి ముందువైపు మెట్లు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అంటుకోవాలి. మలుపులో అట్టపెట్టెలు. పైన ఒకటే పొడుగు గది, నాలుగు వరసల మిషన్లు, ఓ పక్క ఇస్త్రీ బల్లలు, కాళ్ళ కింద బట్టముక్కలు, దూది. అగ్గిపుల్ల చాలు. ప్లానులో వెనక మెట్ల తలుపు ఉన్నచోట గోడ. చెక్క కాదు, ఇటుక గోడ. సున్నం కూడా వేశారు.

చివరి వరసలో, ఆ గోడకి ఆనుకునే టైలరమ్మాయి మిషన్. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"మేడమ్! ప్రదర్శనకి యూనిఫారం కొలతలివ్వడానికి వచ్చారా? చెప్పారు కాదేం?"

ఏ మొహం పెట్టుకుని కాదంటాను? అవునన్నాను.

అక్కడే నిలబెట్టి కొలిచింది. వీపు గోడకి ఆన్చమంది. భుజాలు, చేతులు, నడుము. "కదలకండి మేడమ్, ఊపిరి బిగబట్టకండి" అంది. చుట్టూ ఆడవాళ్ళు నవ్వారు. ఒకావిడ నాకు మంచినీళ్ళిచ్చింది. చేతిని వెనక్కి పెట్టి గోడ మీద వేలితో కొట్టి చూశాను. గట్టిగా కట్టారు.

కిటికీలు రెండు. రెండింటికీ ఊచలు.

జూన్ 23, మంగళవారం

సర్టిఫికెట్టు రద్దు చెయ్యమని పెద్దసారుకి ఉత్తరం ఇచ్చాను. కారణం అన్నచోట "పనిభారం వల్ల మూడో అంతస్తును పూర్తిగా పరిశీలించలేకపోయాను" అని రాశాను.

పెద్దసారు రెండుసార్లు చదివారు. "పూర్తిగా అన్నమాట బాగుందమ్మా. కొంత చూసినట్టే ఉంటుంది. ఎవరూ తిరగతోడరు. పైగా మళ్ళీ వెళ్ళి మీరే పట్టుకున్నారు కదా, శాఖకి పేరు." మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు వెళ్ళింది. గోడ పగలగొట్టి మెట్లు తెరిచేదాకా ఆ అంతస్తులో పని బంద్.

తప్పు దిద్దుకున్నాను. ఇంకేం కావాలి?

జూన్ 25, గురువారం

గోడ తీసేశారు. వెళ్ళి చూసి, వెనక మెట్లు కిందిదాకా దిగి, మళ్ళీ పైకెక్కి సంతకం పెట్టాను. యజమాని నమస్కారం పెట్టాడు, పళ్ళు కొరుకుతూ.

నాలుగో భాగం ఇవాళే. చూడలేదు.

జూన్ 28, ఆదివారం

మండలికి వెళ్ళేసరికి అందరూ లేచి చప్పట్లు కొట్టారు. కొత్త సర్టిఫికెట్టు కింద నా పేరు చూసి ఎవరో చెప్పారట. లైబ్రేరియన్‌గారు ఉపన్యాసమే ఇచ్చారు. "మన మేడమ్ ఓడ గురించి అరుస్తుంటే నవ్వుకున్నాం. ఆ పట్టుదలే ఇవాళ నలభై ఇద్దరిని కాపాడింది" అన్నారు. నమూనాలో ఎర్ర నిచ్చెన పెట్టాలా అని మళ్ళీ చేతులెత్తించారు. ఈసారి అన్నీ లేచాయి.

నేను నవ్వుతూ కూర్చున్నాను. అది రాయాలి. చేతులు కట్టుకుని, అయ్యో దీనికేముంది అన్నట్టు నవ్వుతూ కూర్చున్నాను.

చెయ్యెత్తింది గానీ చప్పట్లు కొట్టనిది టైలరమ్మాయి ఒక్కతే. అందరూ వెళ్ళాక యూనిఫారం మడత నా చేతిలో పెట్టింది.

"మొదటి సంతకం కూడా మీదేనట కదా మేడమ్."

"అవునమ్మా. ప్లాను తప్పిచ్చారు. ఇంకా చాలా పనులుండి..."

"ఆ రోజు ఆఫీసరుగారొస్తారని పొద్దున్నే చెప్పారు మాకు. గోడ సంగతి చెప్పేద్దామని నలుగురం అనుకున్నాం. ఎవరు చెప్పాలని వాదులాడుకుంటే నేను చెప్తానన్నాను. ఓనరుకి తెలిస్తే పనిలోంచి తీసేస్తాడని మా అమ్మ వద్దంది. అయినా చెప్తానన్నాను. నాలుగింటినుంచీ మెట్లవైపే చూస్తూ కూర్చున్నాను. ఎవరూ రాలేదు. మర్నాడు చూస్తే సర్టిఫికెట్టు. ఎందుకు రాలేదు మేడమ్?"

పనిభారం అన్న మాట నాలిక చివరదాకా వచ్చింది. ఆ అమ్మాయి కళ్ళలోకి చూస్తూ అనలేకపోయాను.

"ఆరింటికి నీలగువ్వ మొదటి భాగం" అన్నాను. "బస్సు తప్పిపోతుందని."

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. ఎదురు అరవడం నాకు వచ్చు.

"నేనా భాగం ఆ సాయంత్రం చూడలేదు మేడమ్, మర్నాడు ఫోన్లో చూశాను" అంది. "మా పని ఐదున్నరకే అయిపోతుంది. ఆఫీసరుగారు ఇంకా కిందే ఉన్నారేమో, వస్తారేమోనని ఏడుదాకా ఉన్నాను."

సంచి భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి పెద్దసారుకి ఇంకో ఉత్తరం రాశాను. మూడు వారాలుగా ప్రపంచం మీదంతా విరుచుకుపడ్డ మనిషిని, నా గురించి రెండు వాక్యాలు రాయడానికి సాయంత్రమంతా పట్టింది. ఈయన చదివారు.

"ఇది ఇస్తే ఉద్యోగానికే మోసం రావచ్చు" అన్నారు.

"రావచ్చు" అన్నాను.

"పోనీ పనిభారమని ఉండనిస్తే?"

"పై అంతస్తులో నాకోసం ఏడుదాకా కూర్చుందండీ ఆ పిల్ల."

ఈయన కవరు తెచ్చిచ్చారు. రేపు పదింటికి ఇస్తాను. అందులో ఉన్నది ఇది:

"జూన్ 4న నేను మూడో అంతస్తుకి వెళ్ళలేదు. చూడనిదాన్ని చూశానని సంతకం పెట్టాను. కారణం: ఆరింటికి టీవీలో సీరియల్ చూడాలని ఇంటికి వెళ్ళిపోయాను."